లక్ష్మక్కకు కొండ కనిపించిన ఏడాది

తమిళనాడులో గురుబరపల్లి దాటి కృష్ణగిరి వైపు వస్తే మామిడి గుజ్జు ఫ్యాక్టరీ, దాని గేటు ఎదురుగా లక్ష్మక్క టీ కొట్టు. మామిడి కాలంలో లారీలు గేటు నుంచి మలుపు దాకా బారులు తీరేవి. ముందు వచ్చినవాడిదే వంతు గనుక రైతులు కాయ కోసీ కోయకముందే పరుగెత్తుకొచ్చేవారు. బారు కదిలినప్పుడు వెనకబడతామని డ్రైవర్లు ఇంజన్లు ఆపేవారు కాదు. మనిషి ఆశకు ఇంజను తోడైతే అంతే మరి! పొగకు గ్లాసులు నల్లబడేవి, ఎండకు కాయలు కుళ్లేవి, లక్ష్మక్కకు మాత్రం బేరమే బేరం. మొగుడు పోయాక ఆ రెండు నెలల టీలతోనే ఆమె ఏడాదంతా నెట్టుకొచ్చేది.

రెండువేల అయిదులో ఫ్యాక్టరీకి కంప్యూటరు వచ్చింది. ఎవరి కాయ ఎప్పుడు దించుకోవాలో అది తేల్చేది, గుమాస్తా చంద్రు రైతులకు ఫోన్ చేసేవాడు. పిలిచాకే కాయ కోయాలి, పిలిచాకే బండి కదలాలి. వారం తిరక్కుండా బారు మాయమైంది. లక్ష్మక్క ఈగలు తోలుకుంటూ కూర్చుంది.

"నా కడుపు కొట్టినావు కదప్పా!" అని చంద్రు మీద విరుచుకుపడింది.

"నేనేం చేసేదక్కా, కంప్యూటరు చెప్పినట్ల చేస్తాండాను" అన్నాడతను.

విసురుగా వెనక్కి తిరిగిన లక్ష్మక్క అలాగే నిలబడిపోయింది. రోడ్డుకు అవతల కృష్ణగిరి కొండ, కోట గోడతో సహా, కడిగి పెట్టినట్టు ఉంది. మామిడి కాలంలో ఆమె దాన్ని ఎన్నడూ చూడలేదు. ఎండాకాలపు దుమ్ము అనుకునేది గానీ, అడ్డం నిలిచింది లారీల పొగ అని తెలియదు. కాయలు అన్నే వస్తున్నాయి, గుజ్జు అంతే పోతోంది, పొగ మాత్రం లేదు. ఇదేం విడ్డూరమని ఆమె రెండు చేతులూ జోడించింది.

రైతులకు మాత్రం కంప్యూటరు పెట్టె మాట మీద నమ్మకం కుదరలేదు. దూరాన ఉన్న అంచెట్టి నుంచి పెద్దప్ప అనే రైతు లక్ష్మక్క కొట్టులోని ఫోన్‌కు చేశాడు. "లక్ష్మక్కా, చంద్రు ఎల్లుండి రమ్మంటాడు. నువ్వు కండ్లతో చూసి చెప్పు. గేటు ఖాళీగా ఉంటే ఈడ మా బండ్లన్నీ ఇప్పుడే తీస్తాము."

గేటు ఖాళీగానే ఉంది. ఆ మాట చెబితే అబద్ధం కూడా కాదు. సాయంత్రానికి బారు నిండుతుంది, కొట్టూ నిండుతుంది. ఆమె కొండ వైపు చూసింది.

"వద్దప్పా. పిలిస్తేనే రాండి."

అటు పెద్దప్ప, "బండ్లు ఆపండ్రా!" అని కేకేయడం ఫోన్‌లో వినిపించింది. తన నోటి మాటకు అంత దూరాన ఇంజన్లు ఆగిపోయాయా అని ఆమె ఫోన్ వైపు వింతగా చూసింది. రేపు గడిచేదెలాగో ఆమెకు తెలియదు. పొయ్యి మీద ఒక్క టీ పెట్టుకుని, బెంచీని కొండ వైపు తిప్పుకుని కూర్చుంది.