ప్లాస్టరు కింద ఎర్ర లైటు

మెకానిక్ వేళ్లు కారు ఫ్యాన్ బెల్టును వెనక్కి వంచి చూస్తున్నాయి. ఒళ్లంతా పగుళ్లు, అంచున పీచులు. నేడో రేపో తెగుతుంది. తెగితే నీళ్ల పంపు ఆగి ఇంజను ఉడికిపోతుంది.

“బెల్టు జారితే డ్యాష్‌బోర్డులో ఎర్ర లైటు వెలగాలే, వెలగలేదా అక్కా?”

“వారం నుంచీ వెలుగుతోంది తమ్ముడూ. కళ్లకు కొడుతోందని ప్లాస్టరు అంటించాను.”

ఆమె ఆసుపత్రిలో నర్సు. తల్లిని వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు తీసుకెళ్లేది ఈ కారులోనే.

“వార్డులో మెషిన్ కూసినా ప్లాస్టరేనా?” అన్నాడతను.

“అక్కడ మనిషి కదా!” అందామె, నిజంగానే ఆశ్చర్యపోతూ.

అతను స్పానరు అందుకున్నాడు. కొత్త బెల్టు ఎక్కించి, బొటనవేలితో నొక్కి బిగువు చూసి, కాస్త సడలించి మళ్లీ నొక్కాడు. ఇంజను తిప్పగానే లైటు ఆరిపోయింది.

“మళ్లీ వెలిగితే?” అడిగిందామె.

“ఆపెయ్యండి. అమ్మగారు కార్లో ఉన్నా సరే, ముందు ఆపెయ్యండి,” అని తాళం చేతిలో పెట్టాడు.