ఎంకపల్లి పేరు పలకని ఫోన్

కళ్లు కనిపించనివాళ్ల కోసం మా కంపెనీ మాట్లాడే మ్యాప్ తయారుచేస్తున్న రోజులవి. హైటెక్ సిటీ నుంచి చూస్తే అది పుణ్యకార్యం. దాన్ని పరీక్షించడానికి మెహదీపట్నంలో చేవెళ్ల బస్సెక్కాను. పక్క సీట్లో చూపులేని ఓ అవ్వ ఉంది, ఎంకపల్లిలో దిగాలట. నా పనేమిటో చెప్పగానే ఉత్సాహంగా ఫోన్‌కు చెవి ఒగ్గింది.

మొయినాబాద్ దాటాక ఫోన్ తీయగా మొదలుపెట్టింది. ఎడమవైపు ఏదో వ్యాలీ, కుడివైపు ఇంకేదో హిల్స్. కిటికీలోంచి చూస్తే కొండా లేదు, లోయా లేదు.

“గిది తోవ చెప్తున్నదా బిడ్డా, ప్లాట్లు అమ్ముతున్నదా? మా ఊరి పేరు ఎప్పుడంటది?” అంది అవ్వ.

“అనదవ్వా. రోడ్డు మీద బోర్డులున్న పేర్లే ఎక్కించాం.”

“మాకూ బోర్డు ఉండె. వెంచరోళ్లు వాళ్ల బోర్డు పెట్టనీకె దాన్ని పీకిండ్రు.”

అంతలో కండక్టర్ కేకేశాడు. “అవ్వా, ఎంకపల్లి! ముచ్చట్ల పడి చేవెళ్ల పోయేవు, పైలంగ దిగు!”

అవ్వ లేచింది. “ఇన్నొద్దులు గీ కేక ఇని దిగిన. వచ్చే నెల నుంచి ఈ బస్సుకు కండక్టర్ ఉండడట, టికెట్లు గూడ డ్రైవరే కొడ్తడట. నీ ఫోన్‌ల మా ఊరి పేరు జర ఎక్కియ్యి బిడ్డా. లేకపోతే నా కొడుకు నన్ను ఒంటిగ బయటికి పంపడు.”

మర్నాడు ఆఫీసులో ఆ సంగతి చెప్పాను. మా మేనేజర్ మంచివాడే, చివరిదాకా శ్రద్ధగా విన్నాడు.

“ఎంకపల్లిలో చూడదగ్గదేమైనా ఉందా?” అని అడిగాడు.