ఆగమని చెప్పిన డ్రిల్లు మాస్టారు

మా డ్రిల్లు మాస్టారు పోయారని ఉదయగిరి నుంచి మా పిన్ని పొద్దున్నే ఫోన్ చేసి చెప్పింది. నేను ఆత్మకూరులో బస్సెక్కి వెళ్లేసరికి ఇంటి ముందు అప్పుడే ఫ్లెక్సీ కట్టేశారు. అందులో ఆయన బొమ్మ కంటే కట్టించినవాళ్ల బొమ్మలే పెద్దవి. పోయిన మనిషి పక్కన పళ్లికిలించి నిలబడటానికి సిగ్గు లేదు. ఒక పెద్దమనిషి ఆయన మీద శాలువా కప్పి, ఫోటో దిగి, ఎండ ముదరకముందే కారెక్కాడు.

మాస్టారికి శాలువా అంటే ఒళ్లు మంట. "చలిజ్వరమొచ్చినోడికి కప్పండ్రా, బాగుండేవోడికి ఎందుకు?" అనేవారు.

హైస్కూల్లో మాకు కబడ్డీ, పరుగు నేర్పింది ఆయనే. గ్రౌండంతా పల్లేరుకాయలు. ఆయన చొక్కా కాలరుకు ఎప్పుడూ ఒక పిన్నీసు ఉండేది, మా కాళ్లలో ముళ్లు తియ్యడానికి. తీస్తూ తిట్టేవారు. మెచ్చుకోవడం ఆయన నోట ఒక్కసారి కూడా వినలేదు. గెలిచి వస్తే, "సరే, పోయి అన్నం తినండి" అనేవారు, అంతే. ఆయన చెప్పిన మొదటి పాఠం పరుగు కాదు. "పరిగెత్తేది కుక్కకి గూడా వచ్చు. ఆగేది నేర్చుకోండమ్మే" అని, మంచి ఊపులో ఉన్నప్పుడు ఆపించేవారు. ఆగలేని పిల్లకు టీములో చోటు లేదు.

పోయిన చలికాలం మా వైపు మూడు రోజుల ట్రయాథ్లాన్ పెట్టారు. శుక్రవారం సోమశిల నీళ్లలో ఈత, శనివారం సైకిలు మీద అనంతసాగరం, ఆత్మకూరు మీదుగా ఉదయగిరి, ఆదివారం కొండెక్కి కోట దాకా పరుగు. ఎక్కడెక్కడినుంచో వచ్చారు. ఒక్కొక్కరి సైకిలు మా ఇంట్లో సామానంతా కలిపినా రాని ఖరీదు. నీళ్లలో దిగక ముందు ఫోటో, దిగాక ఫోటో, గట్టు మీద రొప్పుతూ ఫోటో.

వాళ్లను అనడమెందుకు, నేనేం తక్కువ తిన్నానా? నేనూ పేరిచ్చాను. విషజ్వరం తగ్గి పట్టుమని పది రోజులు కాలేదు. మానేద్దామంటే మా ఆఫీసువాళ్లు అప్పటికే నా ఫోటో స్టేటస్‌లో పెట్టేశారు. ఊరంతా నవ్వుతుందని వెళ్లాను. ఈత ముగించి గట్టెక్కి, తడిబట్టలతోనే అక్కడ పడుకుండిపోయాను.

మరునాడు ఆత్మకూరు బస్టాండు దగ్గర మావాళ్లు రోడ్డుకు అడ్డంగా స్టేజీ కట్టారు. ముందొచ్చినవాణ్ణి ఆపి, దండ వేసి, శాలువా కప్పి, ఉపన్యాసం మొదలుపెట్టారు. పాపం, వాడు దండతో నిలబడి గడియారం చూసుకుంటుంటే వెనకవాళ్లంతా వచ్చి కలిశారు. "మన ఊరి మర్యాద మనది" అని మైకులో ఒకటే గోల. పందెంలో ఉన్నవాణ్ణి ఆపి సన్మానం చేసే తెలివి మాకే చెల్లింది. నేను మాత్రం దుకాణం అరుగు మీద కూలబడి, నాకిచ్చిన శాలువా కప్పుకుని కునుకు తీశాను.

ఆదివారం కొండ కింద జెండా ఊపడానికి మాస్టార్ని తెచ్చారు. నన్ను చూడగానే, "కళ్లు గుంటలు పడుండాయి. ఇంటికి పో" అన్నారు.

"ఇంకీ ఒక్క పూటే సార్" అని పరిగెత్తాను.

సగం కొండ ఎక్కాక నడక కూడా సాగలేదు. కళ్లు చీకట్లు కమ్మాయి, గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. రాయి పట్టుకుని వాంతి చేసుకుంటుంటే కింద నుంచి ఆయన వచ్చారు. మైకులో తన గొప్పతనం చదువుతుండగానే స్టేజీ దిగి, ఆ వయసులో, ఆ మోకాళ్లతో ఎక్కి వచ్చారు.

"పైన ఏముండాది?" అన్నారు.

"మెడల్ సార్."

"అది కింద సంచీలో ఉండాది. ఎక్కినోడికీ ఎక్కనోడికీ ఇస్తారంట. పైన పాడుపడిన గోడలుండాయి. కట్టించిన రాజులే దిగిపోయినారు, నువ్వు దిగితే ఏంది?"

"అందరూ నవ్వుతారు సార్."

"నవ్వించుకునేదానికైనా నువ్వుండాల గదమ్మే."

ఆ మాటకు ఏడుపొచ్చింది. పైకి పోవాలన్న పంతం అక్కడే వదిలేశాను.

జ్వరం గుండెకు తగిలిందని, ఇంకాస్త ఎక్కి ఉంటే దక్కేదానివి కాదని తరవాత డాక్టరు చెప్పాడు. ఆయనకు ఆ సంగతి చెబితే, "డాక్టరు చెప్తేగానీ తెలీలేదా నీకు?" అని విసుక్కున్నారు. ఈ భూమ్మీద నేనింకా ఉన్నానంటే ఆ విసుగు చలవే. నన్ను కన్నవాళ్ల తరవాత ఆయనే.

ఆరోజు దిగేటప్పుడు నాకు ముందుగా ఆయన నడిచారు. మోకాళ్లు సహకరించక పక్కవాటుగా, ఒక్కో రాయి చూసుకుంటూ అడుగు వేశారు. పైనుంచి వీడియో తీసుకుంటూ దిగేవాళ్లు మమ్మల్ని తప్పించుకుని పోతున్నారు. ఏటవాలు వచ్చినచోటల్లా ఆయన ఆగారు. వెనక్కి తిరిగి చూడలేదు. చెయ్యి మాత్రం వెనక్కి చాపి, అరచెయ్యి తెరిచి, నేను పట్టుకునేదాకా అలాగే నిలబడ్డారు.