మొయినుద్దీన్ ముందస్తు నోటీసులు

తెలంగాణ ఉద్యమం మీద ఇప్పటికే చాలా పుస్తకాలు వచ్చాయి. ఏ తేదీన ఎక్కడ రాస్తారోకో జరిగిందో, ఏ చౌరస్తాలో ఎంతమంది వంటావార్పు చేశారో అన్నీ నమోదయ్యాయి. జనగామ స్టేషన్ రోడ్డులో నెట్ సెంటర్ నడిపే మొయినుద్దీన్, తుమ్మే ముందు నోటీసు ఇవ్వడం మొదలుపెట్టిన ఘట్టాన్ని మాత్రం ఏ చరిత్రకారుడూ పట్టించుకోలేదు. కాలేజీలో చరిత్ర పాఠం చెప్పే మనిషిగా ఈ లోటు నన్ను చాలాకాలం బాధించింది.

నోటీసంటే చెవిలో చెప్పడం కాదు. మొయినుద్దీన్ ఉన్నపళంగా కుర్చీలోంచి లేచి, మాకు వీపు పెట్టి, వెనక గోడవైపు తిరిగి, "తుమ్ముతున్నా! అందరు జర భద్రం!" అని అరిచేవాడు. మూడు లెక్కపెట్టేవాడు. ఆ తర్వాతే తుమ్మేవాడు. మా మీద తుంపర పడకూడదని గోడవైపు తిరుగుతున్నాడనుకుని, ఆయన సంస్కారానికి నేను లోలోపల ముచ్చటపడేవాణ్ని. ఒక్కోసారి నోటీసు వెలువడ్డాక తుమ్ము వచ్చేది కాదు. అప్పుడు "తుమ్ము క్యాన్సిల్!" అని రెండో ప్రకటన కూడా అదే గోడకు జారీ అయ్యేది.

తుమ్ము ఒక్కటే కాదు. "షెట్టర్ గుంజుతున్నా!" అనకుండా షట్టర్ దించేవాడు కాదు. "కుర్చీ జరుపుతున్నా!" అనకుండా కుర్చీ కదిలేది కాదు. కరెంటు కోతకు రెండు నిమిషాల ముందే "యూపీఎస్ కుయ్యిమంటది, గది మామూలే!" అని హెచ్చరిక వెళ్లేది.

సమ్మె రోజుల్లో ఒకసారి అడిగాను. "భాయ్, ఉన్నది మనిద్దరమే గదా. గంత గట్టిగ ఎందుకు?"

"సార్, మీరు సమ్మెకు నోటీసు ఇచ్చిన్రా లేదా?"

"ఇచ్చినం."

"బంద్‌కు ముందుగాల చెప్తరా లేదా? చెప్పకుంట బంద్ చేస్తే గది బందా, బద్మాష్ పనా?"

సమ్మెలో ఉన్న లెక్చరర్‌ను కాబట్టి ఈ వాదనకు తలూపి చాయ్ అందుకున్నాను.

మొయినుద్దీన్‌కు నోటీసుల తర్వాత అంత ఇష్టమైనది ఒక కంప్యూటర్ ఆట. పేరు 'పదమూడో వార్డు'. దయ్యాల ఆట. అందులో ఎగరడం, దూకడం, కాల్చడం ఉండవు. మూతపడ్డ ఆసుపత్రి బొమ్మ ఒకటి కదలకుండా నిలబడి ఉంటుంది. కింద కథ ఇంగ్లీషులో వస్తుంది. చదవాలి, మౌస్ నొక్కాలి, మళ్లీ చదవాలి. నడుమ ఎక్కడో 'తలుపు తీయనా, వద్దా' అని అడుగుతుంది. తీస్తే దయ్యం. తీయకపోతే కాసేపాగి దయ్యం.

వాళ్లమ్మ లాల్‌బీ ఒక పూట వెనక నిలబడి చూసి నోరు నొక్కుకుంది. "ఖేల్ బోల్కే పఢ్తా బైఠా! ఆట అనుకుంట సదువుకుంట కూసున్నడు! ఏం సార్, చిన్నప్పుడు బడిల గింత సదివితే మీ లెక్క సర్కారు నౌకరి చేస్తుండె గదా వీడు!"

మా వీధిలో ఆ ఆటను ఆఖరిదాకా ఆడినవాళ్లు ఇద్దరే. ఒకరు మొయినుద్దీన్. రెండోవారు, నెట్ సెంటర్ గోడకు ఆనుకునే ఇల్లున్న కిరాణా వ్యాపారి ఈశ్వరయ్య సేటు కూతురు ప్రసూన. రెండువేల తొమ్మిదిలో మా కాలేజీలో డిగ్రీ మొదటి సంవత్సరం చేరింది. కాలేజీ అయ్యాక నెట్ సెంటర్ మూల కంప్యూటర్ దగ్గర కూర్చునేది. ఆటలో నర్సు దయ్యం మంచిదా చెడ్డదా అని మొయినుద్దీన్‌తో వాదన పెట్టుకునేది. కథానాయిక వార్డులోనే ఉండిపోగా బయట తలుపు మూసుకుంటుంది. మొదటి భాగం అక్కడితో సరి.

ఆ చలికాలంలోనే ప్రసూన కాలేజీకి రావడం మానేసింది. తర్వాత గడప దాటడమే మానేసింది.

"ఏ చప్పుడైనా వణుకుతది సార్," అన్నాడు ఈశ్వరయ్య. "కుక్కర్ విజిల్‌కే మంచం కిందికి పోతది. వరంగల్ డాక్టరు ధైర్నంగ ఉండమని చెప్పిండు. గది నాకు గూడ తెల్సు. రెండేండ్లు పరీక్షలు పోయినై. ఈసారి గూడ పోతే సదువు ముచ్చట మర్సుడే సార్."

ఇట్లా ఉండగా రెండువేల పదకొండులో సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగాయి, కాలేజీలు మూతపడ్డాయి, భూపాలపల్లిలో బొగ్గు గనులు నిలిచిపోయాయి. గనిలో పనిచేసే మొయినుద్దీన్ బావమరిది అకీల్, చేతిలో పని లేక, 'పదమూడో వార్డు' రెండో భాగాన్ని ఎక్కడో సంపాదించాడు. ఆ సీడీ మూడు మోటార్ సైకిళ్లు, ఒక ట్రాక్టర్ మారి జనగామ చేరింది. మొయినుద్దీన్ షట్టర్ సగం దించి ("సగమే గుంజుతున్నా!") తొమ్మిది రోజులు లోపల కూర్చున్నాడు. కరెంటు పోయినప్పుడల్లా మొదటికొచ్చి మళ్లీ ఆడాడు. పదో రోజున నాలుగు చార్టుల మీద ఎర్ర ఇంకుతో తన తీర్పు రాసి షట్టర్‌కు అంటించాడు.

తీర్పు బాగుంది. అబద్ధం ఎందుకు చెప్పాలి, నా విద్యార్థులు చరిత్ర మీద అంత బాగా ఎప్పుడూ రాయలేదు.

"మొదటి భాగంల దయ్యానికి ఒక బాధ ఉండె. రెండో భాగంల దయ్యానికి డ్యూటీ ఉన్నది. టైముకు వస్తది, అరుస్తది, పోతది. బాధ ఉన్న దయ్యానికే మనిషి భయపడుతడు. డ్యూటీ చేసే దయ్యానికి సలాం కొట్టి పక్కకు జరుగుతడు. వాన చప్పుడు మంచిగున్నది. నర్సు ముచ్చట ఊకెనే సాగదీసిన్రు. నూటికి ముప్పై ఎనిమిది మార్కులు."

ఇక్కడితో ఆపితే గొప్ప విమర్శకుడయ్యేవాడు. కానీ మిగతా మూడు చార్టుల నిండా, ఆటలో ఎక్కడెక్కడ ఉలిక్కిపడాల్సి వస్తుందో, మొత్తం డెబ్బై ఒక్క చోట్లు, వార్డు గోడ గడియారం ప్రకారం జాబితా రాశాడు. "ఆరున్నరకు తలుపు దబ్బున పడ్తది. ఏడు గంటలకు లైట్లన్ని బంద్. ఏడుంబావుకు అందరు ఒక్కసారి అరుస్తరు, చిన్నగనే. ఎనిమిదింటికి తెల్లబట్టల నర్సు దవాఖాన వరండల నిలబడ్తది, ఏం అనది." అట్టడుగున ఒక వాక్యం: "ఆఖరు రాస్తలేను. ఎవలకు వాళ్లే చూసుకోవాలె."

దయ్యాల ఆటను ఇంత నిర్దాక్షిణ్యంగా ఎవరూ చంపి ఉండరు. ఆ తీర్పు జిరాక్సులు మానుకోట దాకా పోయాయి. అక్కడినుంచి ఒక అభిమాని ఫోన్ చేసి మొత్తుకున్నాడు. "అన్నా, భయం మొత్తం నువ్వే చెప్పినంక ఆటల ఇంకేం మిగుల్తదే?"

"కత మిగుల్తది తమ్మీ," అన్నాడు మొయినుద్దీన్.

జనగామలో జరిగింది ఇంకా ఘోరం. ఆ షట్టర్ పక్కనే సమ్మె శిబిరం. అంతకుముందు ఏ రోజు కార్యక్రమమైనా ఎర్ర ఇంకుతో చార్టు మీద రాసి ఆ షట్టర్‌కే అంటించేవాళ్లు. జనం అలవాటు ప్రకారం జాబితాను ఆనాటి కార్యక్రమంగా చదువుకున్నారు. మొదటి చార్టు మీద దయ్యం సంగతి ఎవరి గురించో ఎవరికి తోచినట్టు వాళ్లు అర్థం చేసుకున్నారు. ఆ సాయంత్రం సరిగ్గా ఏడు గంటలకు స్టేషన్ రోడ్డు దుకాణాలన్నీ దీపాలార్పేశాయి.

శిబిరం నడిపే కట్టయ్య మొహం వెలిగిపోతోంది. "మొయిన్ భాయ్! దవాఖానోల్లు గూడ మనకు మద్దతు ఇస్తున్నరా? నర్సమ్మకు దండ తేవాల్నా?"

మొయినుద్దీన్ చీకట్లో రోడ్డును ఒకసారి చూశాడు. వాచీ చూసుకున్నాడు. కట్టయ్యను, జనాన్ని అక్కడే వదిలేశాడు. లోపలికి ఉరికి వెనక గోడకు నోరు ఆనించి, "ఏడుంబావుకు పెద్ద అరుపు! మనోళ్లే! భయం లేదు!" అని మూడుసార్లు కేక పెట్టాడు.

ఏడుంబావుకు రెండొందల గొంతులు ఒక్కసారిగా 'జై తెలంగాణ' అన్నాయి. కప్పు మీది రేకులు అదిరాయి. మొయినుద్దీన్ మాత్రం గోడకు చెవి పెట్టి అట్లాగే నిలబడ్డాడు. పాపం, మనిషికి కొంచెం తేడా చేసిందనుకున్నాను.

సమ్మె ముగిశాక పరీక్ష ఫారం మీద ప్రసూన సంతకం కోసం నేనే ఈశ్వరయ్య ఇంటికి వెళ్లాను. సంతకం పెడుతుందన్న ఆశ నాకు లేదు. ఆమె తన గదిలో పాత కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. తెర మీద ఆసుపత్రి. పక్కన మొయినుద్దీన్ తీర్పు జిరాక్సు. భయాల జాబితాలో ఒక్కొక్కదాని ఎదుట పెన్సిల్‌తో టిక్కులు. అరవై దాటాయి.

నేను పలకరించేలోగా, రేడియో పెట్టినంత స్పష్టంగా గోడలోంచి వినిపించింది. "తుమ్ముతున్నా! అందరు జర భద్రం!"

ప్రసూన మౌస్ వదిలి వేళ్ల మీద లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు. గోడ దద్దరిల్లింది. నేను ఉలిక్కిపడ్డాను. ఆమె పడలేదు.

"ఇయ్యాల చిన్నగనే తుమ్మిండు సార్," అని మళ్లీ మౌస్ అందుకుంది.

"ఈ నోటీసులు ఎప్పటి సంది ఇనవడుతున్నయి బిడ్డా?"

"పటాక నాటి సంది."

రెండువేల తొమ్మిది డిసెంబరు, తెలంగాణ ఇస్తామన్న ప్రకటన వచ్చిన మర్నాడు. పొద్దున్నే మొయినుద్దీన్ సంతోషం పట్టలేక, సుతిలి బాంబు ఒకటి ముట్టించి దాని మీద ఖాళీ నూనె డబ్బా బోర్లించాడు. అదే క్షణంలో ప్రసూన చెప్పులేసుకుని గడప దిగింది.

"చెప్పకుంట ముట్టిచ్చిండు సార్. నన్ను చూడలే. గంతే. మర్నాడు గోడ అవుతల 'షెట్టర్ గుంజుతున్నా' అని ఇనవడ్డది. గప్పటి సంది ఒక్క చప్పుడు గూడ చెప్పకుంట చెయ్యలే మొయిన్ కాక." జిరాక్సు మీద వేలు పెట్టి, "కని ముప్పై ఎనిమిది మార్కులు అన్యాలం సార్. నేనైతే అరవై ఇస్త," అంది. ఫారం మీద సంతకం పెట్టింది. ఆఖరు ఇంకా చూడలేదట.

రెండేళ్లు ఎదురుగా కూర్చుని చాయ్ తాగుతూ, నోటీసులు మాకే అనుకున్న నా చరిత్ర పరిజ్ఞానాన్ని ఇక్కడితో వదిలేద్దాం.

వేసవిలో ప్రసూన పరీక్షకు బయలుదేరింది. ఆమెకు పది అడుగుల ముందు మొయినుద్దీన్, దారి తప్పుకొమ్మని కేకలేసే నిజాం సర్కారు చోప్‌దారులాగా నడిచాడు. "లారీ వస్తున్నది, హారన్ కొడ్తది! గేటు కాడ రైలు కూత వేస్తది! హాల్‌ల గంట కొడ్తరు, బడి గంటే!" మొదటి రోజు వణుకుతూనే నడిచింది. రెండో రోజు నడిచింది. మూడో రోజు రోడ్డు మీద ఆగి, "కాకా, నువ్వు ఇంట్ల ఉండు. నాకు లారీల భయం పోయింది, నీ నోటీసుకే గుండె దడదడంటున్నది," అంది. మొయినుద్దీన్ ఆ వారమంతా ఆ మాట ఊళ్లో అందరికీ చెప్పుకుని తిరిగాడు.

రెండువేల పద్నాలుగు ఫిబ్రవరి. లోక్‌సభలో బిల్లు గట్టెక్కిన సాయంత్రం, నేను నెట్ సెంటర్‌లో చాయ్ తాగుతున్నాను. మొయినుద్దీన్ ఒక్కసారిగా లేచి గోడవైపు తిరిగాడు.

"తుమ్ముతున్నా! అందరు జర..."

వాకిట్లో ధన్ మని పేలింది. నూనె డబ్బా మా కళ్ల ముందే విద్యుత్ తీగలకంటే పైకి లేచింది. మొయినుద్దీన్ బల్ల కిందికి వెళ్లిపోయాడు. నా చాయ్ నా మీదే ఒలికింది.

గుమ్మంలో ప్రసూన నిలబడి ఉంది. చేతిలో వెలుగుతున్న అగర్‌బత్తి.

"ముట్టిస్తున్నా అని రెండుసార్లు చెప్పిన గదా కాకా! నువ్వు గోడకు చెప్పుకుంట ఉన్నవ్, ఇనలే."

బల్ల కింద నుంచి మొయినుద్దీన్ తల బయట పెట్టాడు. అగర్‌బత్తిని, ఆమె చేతిని చూశాడు. పొగ తిన్నగా పైకి లేస్తోంది.

"నోటీసు ఇచ్చినవా?"

"ఇచ్చిన."

"అయితే మంచిది," అన్నాడు.

తుమ్ము రాలేదు.