ఎడం చేతిలో రొట్టె

మొన్న గన్నవరంలో ఒక పెళ్లి బఫేలో మా బావ కుడిచేత్తో ఫోను నొక్కుతూ ఎడంచేత్తో గారె తింటున్నాడు. నాకు నా ఇల్లు గుర్తొచ్చింది.

చిన్నప్పుడు వేసవి సెలవులంతా కూర్చుని, దిమ్మెలు పేర్చే వీడియో గేములో కట్టుకున్న ఇల్లది. కత్తియుద్ధంలో గెలిచినవాడిదే ఇల్లని బావ పందెం కట్టాడు. నేను కుడిచేతిలో కత్తి, ఎడంచేతిలో రొట్టె పట్టుకుని దిగాను. ఆ ఆటలో కొడుతూనే మధ్యమధ్య తిని బలం తెచ్చుకోవచ్చు. బావ ఓడిపోయేలా ఉన్నాడు.

"అమ్మా, వీడు ఎడం చేత్తో తింటున్నాడు చూడు," అని కేకేశాడు.

అత్తయ్య వంటింట్లోంచి వచ్చి టీవీ చూసింది. "ఛీ, అదేం తిండిరా? చెయ్యి మార్చు. లేకపోతే టీవీ కట్టేస్తా."

రొట్టె కుడిచేతికీ, కత్తి ఎడంచేతికీ మార్చాను. కత్తి ఏ చేతిలో ఉన్నా కత్తే అనుకున్నాను. అక్కడ దెబ్బ కుడిచేత్తోనే పడుతుందని తెలియదు. బావను కాసేపు రొట్టెతో కొట్టి, మర్యాదగా చచ్చిపోయాను. ఇల్లు బావదైంది.

అత్తయ్య తప్పేం లేదని పెద్దయ్యాక అర్థమైంది. ఆవిడకి టీవీలోనైనా విస్తరి ముందైనా, ఎవరికైనా ఒకటే రూలు. మొన్న పెళ్లిలో ఆవిడ పక్క టేబుల్ దగ్గరే ఉంది.

"అత్తయ్యా," అన్నాను, "బావ ఎడం చేత్తో తింటున్నాడు చూడండి."