తెల్ల స్తంభాల వెనక మెట్లు

వర్జీనియాలో, మేముండే ఆష్‌బర్న్‌కు గంటన్నర దూరంలో ఉన్న ఒక పాత ప్లాంటేషన్ భవనాన్ని మా అమ్మాయి తన పెళ్ళికి ఎంచుకుంది. నేను సరే అంటే ఆ రోజే బుక్ చేస్తానంది. చూడ్డానికి వెళ్ళాం.

ముందు వరసగా తెల్ల స్తంభాలు. వేలితో తట్టి చూశాను. డొల్ల. చెక్కకు రంగు పూసి, తడి ఆరకముందే ఇసుక చల్లి రాయిలా కనిపించేట్టు చేశారట. ఇల్లు చూపించే ఆవిడ దాన్ని గొప్పగా చెప్పింది. నేను జమీందారీ దివాణంలో పుట్టినవాణ్ణి. అది మా చేతులు దాటిపోయి చాలా కాలమైంది కానీ, రాయికీ రాయి వేషానికీ తేడా మరిచిపోలేదు.

పొగాకు కట్టించిన ఇల్లు అందావిడ. ఆ పొగాకు ఎవరు పండించారో చెప్పలేదు. కిటికీ అద్దాలు ఓడలో వచ్చిన సంగతి మాత్రం మూడుసార్లు చెప్పింది. బానిసలు ఎక్కడ ఉండేవారని అడిగితే, మేం కారు ఆపిన చోటు చూపించింది. వాళ్ళ గుడిసెలు కూల్చి పార్కింగ్ చేశారు. చెబుతున్నంతసేపూ ఆవిడ చిరునవ్వు చెదరలేదు.

భోజనాల గదిలో ఒక తలుపుకు గోడ రంగే వేసి ఉంది. ఆవిడ చెప్పకముందే తోశాను. లోపల, మనిషి పక్కకు తిరిగితే గాని పట్టని ఇరుకు మెట్లు.

"నీకెలా తెలుసు నాన్నా?"

"మన దివాణంలోనూ ఉండేవి. వడ్డించేవాళ్ళు మనకు ఎదురుపడకూడదని."

మా మాటలు అర్థంకాని ఆవిడ ఉత్సాహంగా అందుకుంది. క్యాటరింగ్ వాళ్ళు ఇప్పటికీ ఆ మెట్ల మీదుగానే వస్తారట, అతిథుల కంట పడరట.

బయటికొచ్చాక వద్దన్నాను. అమ్మాయి ముఖం ఎర్రబడింది.

"మరి ఆ దివాణం ఫోటో హాల్లో ఎందుకు పెట్టుకున్నావ్? వచ్చిన ప్రతి అంకుల్‌కీ చూపిస్తావ్ కదా. అక్కడైతే ఓకే, ఇక్కడైతే కాదా?"

మావాళ్ళు మనుషుల్ని కొనలేదని చెప్పబోయాను. ఆ జవాబు నాకే ఆవిడ చిరునవ్వులా అనిపించి, మింగేశాను.

"అక్కడా ఓకే కాదు," అన్నాను. ఆ మాట అనడానికి నాకు అరవై ఏళ్ళు పట్టింది.

కారు హైవే ఎక్కాక తను పెళ్ళికొడుక్కి ఫోన్ చేసి, గుడి పక్కన కమ్యూనిటీ హాల్ ఖాళీ ఉందేమో కనుక్కోమంది. నాకా హాలంటే అసహ్యం. తలకు తగిలేట్టుండే సీలింగ్, పాత కార్పెట్ వాసన. తలుపు ఒక్కటే. పెళ్ళికూతురైనా, సాంబారు గిన్నె మోసేవాడైనా అందులోంచే రావాలి.