ముసలమ్మ బిగించిన తీగలు

పేరుకు ముసలమ్మే గానీ ఆమెకింకా యాభై నిండలేదు. తోటపల్లి గూడూరు అవతల ఆ సముద్రపు పల్లెలో చినిగిన వల బాగుచేయాలంటే ఆమె తర్వాతే ఎవరైనా. తోడికోడలు చిట్టికి వల సూది పట్టడం నేర్పింది కూడా ఆమే. ఎందుకు నేర్పినానురా దేవుడా అని ఇప్పుడు కుళ్లి చస్తోంది.

ఊరి బయట పరిశోధనశాల పెట్టిన జీవానందం సారు ఇద్దరినీ పనిలోకి తీసుకున్నాడు. గ్యాసు నింపే ఉక్కు డబ్బాలోకి పోయే ఫ్రేముకు వెంట్రుక కన్నా సన్నటి తీగలు బిగించాలి. ఆ గ్యాసులో ఎప్పుడో ఏళ్లకొకసారి ఒక పరమాణువు తనంతట తాను విరుగుతుందట. ఆ కాస్త కదలికా తీగలకు అందితే న్యూట్రినోలనే కంటికి కనపడని రేణువుల గుట్టు తెలుస్తుందట.

చెరొక ఫ్రేము ఇచ్చారు. పరీక్షలో నెగ్గిన ఫ్రేమే డబ్బా లోపలికి పోతుంది, బిగించిన మనిషి పేరు డబ్బా మీద చెక్కుతారు. ముసలమ్మకు ఆ పేరు కావాలి. అంతకన్నా ముఖ్యం, చిట్టి పేరు ఉండకూడదు. సారు చిట్టి బల్ల దగ్గర కాసేపు ఎక్కువ నిలబడితే చాలు, ఆమెకు ఒళ్లంతా కారం రాసుకున్నట్టుండేది.

పైగా రోజూ చిట్టి నస ఒకటి. "అక్కా, మాస్కు పైకి లాక్కో."

"నా మూతి నా ఇష్టం. నీ పని నువ్వు చూసుకోమే!" అనేది ముసలమ్మ. ఓర్వలేనిది, నా చేతివాటం చూసి ఏడుస్తా ఉంది అనుకునేది.

పరీక్ష రోజు వచ్చింది. తీగల్లో కరెంటు పెంచితే చిట్టి ఫ్రేము కిక్కురుమనకుండా నెగ్గింది. ముసలమ్మది చిటపటా నిప్పురవ్వలు కక్కింది.

"ఇదే ఏదో చేసింది సారూ! నా ఫ్రేమును ముట్టుకునింది!"

సారు మైక్రోస్కోపులో చూపించాడు. ప్రతి తీగ కొనకూ తెల్లటి మరక. "ఎంగిలి ఆరిన ఉప్పమ్మా, దానికే ఈ రవ్వలు. తీగ నోట్లో పెట్టినావా?"

సూదిలోకి దారం ఎక్కించే ముందు కొన నాలికతో తడపడం ముసలమ్మకు పుట్టి బుద్ధెరిగిన కాడి నుంచి అలవాటు. తీగనూ అట్టాగే తడిపేసింది, తనకే తెలీకుండా.

"దానికే గదక్కా, నేను మాస్కు మాస్కు అని మొత్తుకునింది," అంది చిట్టి. సారు వైపు తిరిగి, "పని నేర్పింది అక్కే సారూ. డబ్బా మీద ఆమె పేరు గూడా వేయండి," అంది.

"నీ ముష్టి నాకెందుకే!" ముసలమ్మ పాడైన ఫ్రేమును పక్కకు నెట్టింది. "ఇంకో ఫ్రేము ఇయ్యండి సారూ. ఇప్పుడే ఇయ్యండి."

మాస్కు కళ్ల దాకా లాక్కుని కూర్చుంది. కొత్త తీగ తీసింది. తీగ కొన తిన్నగా నోటి దాకా వచ్చి, మాస్కు గుడ్డకు గుచ్చుకుని ఆగింది.

చిట్టి చూసిందేమోనని ఓరగా చూసింది. చూడనే చూసింది.